నమ్మకం ఎవరి మధ్య?

వొక ఆఫీసులో పనిచేసేవాళ్ళు తమకు తెలిసింది పక్కవాళ్ళకు ఎందుకు చెబుతారు? ఎందుకు చెప్పరు? మేనేజ్‌మెంట్ శాస్త్రం ఈ ప్రశ్నకు వొక్క మాటలో జవాబిస్తుంది: నమ్మకం. ఉద్యోగుల మధ్య నమ్మకం వుంటే జ్ఞానం పంచుకుంటారు, లేకపోతే దాచుకుంటారు, కాబట్టి సంస్థలు నమ్మకాన్ని పెంచాలి అంటుంది. ముప్ఫై యేళ్ళుగా ఈ సూత్రం మీద పరిశోధనలు నడుస్తున్నాయి. మన విద్యార్థులు కూడా దీన్నే ప్రశ్నావళిగా మార్చి బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో పంచిపెడుతున్నారు. వయసు, ఆడా మగా, చదువు, జీతం, అనుభవం, అన్నిటికీ గళ్ళు వుంటాయి. నేను చూసిన ప్రశ్నావళుల్లో కులం గడి మాత్రం లేదు.

ఆ గడి లేకపోతే ఆ సూత్రమే తలకిందులవుతుందని చెప్పడానికే ఈ వ్యాసం. కులం వున్న సమాజంలో నమ్మకం అనేది గాలిలాగా అందరి మధ్యా పరుచుకుని వుండదు. అది కొందరి చుట్టూ వేసుకున్న కంచె. కంచె లోపల జ్ఞానం ధారాళంగా పారుతూనే వుంటుంది. బయటున్నవాడికి చుక్క రాకపోవడానికి కారణం ఆ సంస్థలో నమ్మకం తక్కువై కాదు. లోపలివాళ్ళ మధ్య అది మరీ గట్టిగా వుండబట్టి.

నా ఆర్నెల్ల కథ

సొంత అనుభవంతో మొదలుపెడతాను. చిత్తూరు జిల్లాలో వొక ప్రభుత్వ కార్యాలయంలో నేను జూనియర్ అసిస్టెంటుగా చేరాను. దాని పేరు ఇక్కడ అనవసరం, అట్లాంటివి ప్రతి ఊళ్ళోనూ వున్నాయి. రోస్టర్లో ఎస్సీ పాయింటు మీద వచ్చినవాణ్ణి. నన్ను తపాలు సీట్లో కూర్చోబెట్టారు. వచ్చిన కాగితానికి నంబరు వేయడం, పోయే కాగితానికి స్టాంపు అంటించడం. ఎస్టాబ్లిష్‌మెంటు, అకౌంట్సు సీట్ల దరిదాపులకు రానివ్వలేదు.

నాతోపాటు అదే నెలలో ఇంకొకతను చేరాడు. సూపరింటెండెంటుకు చుట్టం కూడా కాదు. ఆ కులంవాడు, అంతే. మధ్యాహ్నం వాళ్ళంతా వొకచోట క్యారియర్లు విప్పుకునేవాళ్ళు. ఆ అన్నం దగ్గరే అతనికి ఉద్యోగమంతా తెలిసిపోయింది. నోటు ఫైలు ఎట్లా ఎత్తుకోవాలి, ఏ జీవోను ఎక్కడ చూపించాలి, సర్వీసు రిజిస్టర్లో ఏ ఎంట్రీ పడకపోతే పదేళ్ళ తర్వాత ఏ చిక్కొస్తుంది, ప్రమోషనుకు ఏ డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసవ్వాలి. నేను నా సీట్లోనే వొంటరిగా తినేవాణ్ణి. ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా అనలేదు.

ఆ టెస్టులు పబ్లిక్ సర్వీస్ కమిషన్ పెడుతుంది. నోటిఫికేషన్ దేవరహస్యమేమీ కాదు. తమాషా ఏమిటంటే, ఆఫీసుకు వచ్చిన ఆ సర్కులర్‌కు ఇన్‌వార్డు నంబరు వేసింది నేనే! కాగితం నా చేతిమీదుగానే పోయింది. అది నా బతుకుకు సంబంధించిన కాగితమని నాకు తెలీదు. ఈ టెస్టుల సంగతేందని వొక సీనియర్‌ను అడిగితే, 'అదంతా తర్వాత చూద్దువులే అబ్బా, ముందు పని నేర్చుకో' అన్నాడు.

చివరికి చెప్పింది ఎవరు? మా ఆఫీసు అటెండరు. మా పక్కూరి మాదిగ పెద్దాయన, నేను చిన్నాయనా అని పిలిచేవాణ్ణి. వొకరోజు సాయంత్రం కిటికీలు మూస్తా అడిగాడు: 'పరీచ్చకు డబ్బులు కట్నావా నాయనా? ఆ పిల్లోడు అప్పుడే కట్నాడే!' గడువు దాటి రెండు రోజులయింది. తర్వాతి విడతలో రాసి పాసయ్యాను. కానీ ఆర్నెల్ల తేడా వచ్చేసింది. సీనియర్ అసిస్టెంటు ఖాళీ అతనికి దక్కింది. సర్వీసులో వున్నన్నాళ్ళూ ఆ ఆర్నెల్లు నా ముందే నడిచాయి. ప్రమోషను జాబితా చూసి వొక పెద్దమనిషి జాలిపడ్డాడు కూడా: 'మీవాళ్ళకు చొరవ తక్కువయ్యా.'

చొరవ, ప్రతిభ, మెరిట్ అని మనకు నూరిపోసేదానిలో ఎంత భాగం ఇట్లా క్యారియర్ల దగ్గర పంచుకున్న జ్ఞానమో ఎవరైనా లెక్క కట్టారా?

మనోడు, నమ్మినబంటు

మన ఆఫీసుల్లో కొత్తమనిషి బదిలీ మీద వస్తే, జాయినింగ్ రిపోర్టు ఇంకా టేబుల్ మీద వుండగానే వొకరి చెవిలో ఇంకొకరు అడుగుతారు: 'మనోడేనా?' నమ్మకం సిద్ధాంతమంతా ఈ వొక్క ప్రశ్నలో వుంది. మనోడైతే ఏ సాహెబు దగ్గర ఎట్లా మెలగాలో చెప్పొచ్చు, ఆడిట్ వాళ్ళు దేన్ని పట్టుకుంటారో చెప్పొచ్చు, తప్పు చేస్తే రాత్రికి రాత్రి సర్దొచ్చు. కాకపోతే 'చూసి మాట్లాడండి' అని హెచ్చరిక.

దళితుడికి కూడా ఆఫీసులో నమ్మకం దొరుకుతుంది. దాని పేరు వేరు. నమ్మినబంటు. మా చిన్నాయన చేతికి ఇంటి తాళాలిచ్చేవాళ్ళు, బ్యాంకులో డబ్బు కట్టి రమ్మనేవాళ్ళు, పిల్లల్ని బడినుంచి తెమ్మనేవాళ్ళు. రికార్డు రూములో ఏ మూట ఎక్కడుందో ఆయనకు తప్ప ఎవరికీ తెలీదు. కోర్టు కేసు పడి పాత ఫైలు కావాల్సొస్తే ఆఫీసరంతటివాడు ఆయన్నే పిలిచేవాడు. అయినా ఆయనకు తెలిసినదాన్ని జ్ఞానం అని ఎవరూ అనలేదు, 'వాడికి అలవాటు' అన్నారు. ఫైలు మోయడానికి నమ్ముతారు, ఫైలు రాయడం నేర్పడానికి నమ్మరు. ప్రశ్నావళిలో 'మీ ఆఫీసులో మిమ్మల్ని నమ్ముతారా?' అని వుంటే చిన్నాయన అవుననే టిక్కు పెడతాడు. ఆ సూపరింటెండెంటు కూడా అవుననే పెడతాడు. రెండు టిక్కులూ కలిపి సగటు తీసి ఈ సంస్థలో నమ్మకం బాగా వుందని థీసిస్ రాస్తారు!

సిద్ధాంతకర్తలు ఏమన్నారు

ఆ పరిశోధనలను చదవకుండా తిట్టడం మన పని కాదు. వాటిలో మనకు పనికొచ్చేవి వున్నాయి.

మేయర్, డేవిస్, షూర్మన్ అనే ముగ్గురు 1995లో నమ్మకానికి వొక నమూనా ఇచ్చారు. ఎదుటిమనిషి వల్ల మనకు దెబ్బ తగిలే అవకాశం వుందని తెలిసీ దానికి సిద్ధపడటమే నమ్మకం అన్నారు. ఎదుటివాడి సామర్థ్యం, మేలు కోరే గుణం, నిజాయితీ, ఈ మూడూ చూసి మనిషి నమ్ముతాడట. చాలా పరిశోధనలు ఈ నమూనానే మోస్తున్నాయి. మరి ఈ మూడూ చూడకముందే, పేరు చివరి తోకనో ఇంటి అడ్రసునో చూసి తీర్పు చెప్పే సమాజంలో ఏమవుతుంది? 'కోటావాడు' అన్న మాటతో సామర్థ్యం కొట్టేశారు. 'వాళ్ళ సంఘం వాళ్ళకుంది' అన్న మాటతో మేలుకోరే గుణం కొట్టేశారు. ఇక పరీక్షించేది ఏముంది?

ఈ సంగతిని అంతకుముందే కొంత పట్టుకున్న మనిషి లిన్ జుకర్. అమెరికాలో నమ్మకం ఎట్లా పుట్టిందో చరిత్ర చూస్తూ 1986లో ఆమె మూడు రకాలు చెప్పారు. కలిసి పనిచేయగా చేయగా పుట్టేది వొకటి. వొకే జాతి, వొకే కుటుంబ నేపథ్యం అన్నదాన్నిబట్టి పుట్టేది రెండోది. చట్టం, సర్టిఫికెట్టు, నియమాలవల్ల పుట్టేది మూడోది. మన ఆఫీసుల భాషలో చెప్పాలంటే రెండోది మనోడి నమ్మకం, మూడోది రూలు నమ్మకం. దళితులు ఈ దేశంలో ఉద్యోగాల్లోకి వచ్చిందే మూడోదాని బలంతో. కానీ లోపలికి వచ్చాక వాళ్ళకు ఎదురయ్యేది రెండోది. మేనేజ్‌మెంట్ గురువులేమో మొదటిదాని గురించి పాఠం చెబుతారు: కలిసి టీ తాగండి, పిక్నిక్కు పొండి!

జ్ఞానం దాచడం మీద కూడా పరిశోధన వుంది. కేథరిన్ కానెల్లీ, ఆమె సహచరులు 2012లో దాచేవాళ్ళ పద్ధతులు మూడని చెప్పారు. తెలీనట్టు నటించడం, తర్వాత చెబుతానని తప్పించడం, ఇది చెప్పకూడదని కారణం చూపించడం. అపనమ్మకం వున్నచోట దాచడం పెరుగుతుందని తేల్చారు. 'తర్వాత చూద్దువులే అబ్బా' అన్నది రెండో రకమని నాకు ఆ లెక్క చదివినాక తెలిసింది. అయితే ఆ అపనమ్మకం ఎక్కడినుంచి వచ్చిందని వాళ్ళ నమూనా అడగదు. ఇద్దరు ఉద్యోగుల మధ్య గొడవలాగా చూస్తుంది. నాకూ ఆ సీనియర్‌కూ ఏ గొడవా లేదు. అప్పటికి పరిచయమై వారమే.

ఇంకొకటి ముఖ్యమైంది. లెవిన్, క్రాస్ 2004లో మూడు కంపెనీల ఉద్యోగులను పరిశీలించి వొక విషయం చెప్పారు. దగ్గరివాళ్ళనుంచి వచ్చేది చాలావరకు మనకు ముందే తెలిసిందే. నమ్మకం గనక వుంటే, ఎక్కువ ఉపయోగపడే కొత్త జ్ఞానం వచ్చేది దూరపు పరిచయస్తులనుంచి. దీన్ని మన ఆఫీసుకు పెట్టి చూడండి. వొకే కులంవాళ్ళు వొకే క్యారియర్ చుట్టూ కూర్చుని వొకరికి తెలిసిందే ఇంకొకరికి చెప్పుకుంటారు. వాళ్ళకు దూరపు మనిషి ఎవరు? మేమే. మాకు తెలిసిందేదీ వాళ్ళ చెవికి చేరదు. అంటే కులం దళిత ఉద్యోగికే నష్టం చేయడంలేదు. ఆ సంస్థ తెలివిని కూడా మొద్దుబారుస్తోంది. ఈ ముక్క చెబితే మేనేజర్లయినా వింటారేమో.

కొండమీది సంస్థ

మన ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద సంస్థ ఏదంటే తిరుమల కొండే. భక్తి సంగతి కాసేపు పక్కనపెట్టి దాన్ని ఉద్యోగులున్న సంస్థగా చూద్దాం. పుట్టుక మీద నడిచే నమ్మకం జ్ఞానాన్ని ఎట్లా కాపలా కాస్తుందో, దాన్ని ఏది కదిలిస్తుందో రెండూ అక్కడ కనిపిస్తాయి.

తరతరాలుగా అక్కడ మిరాశీ నడిచింది. అర్చకత్వం గొల్లపల్లి, పైడిపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ అనే నాలుగు కుటుంబాల హక్కు. పోటులో, అంటే గుడి వంటశాలలో, ప్రసాదాల తయారీకి కూడా మిరాశీదార్లు వుండేవాళ్ళు. పని, పని మర్మం, దానిమీద ఆదాయం మూడూ వొకే ఇంట్లో. తండ్రి కొడుకుకు చెబుతాడు. ఆ ఇంట్లో నమ్మకానికి ఏం లోటు? జ్ఞానం పంచుకోవడం అక్కడ నూటికి నూరు పాళ్ళు జరిగింది. గడప దాటలేదు, అంతే.

ఈ మర్మాన్ని బయటివాళ్ళు తెలుసుకోవడం ఎప్పుడు మొదలైంది? 1801 తర్వాత గుడి నిర్వహణ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కంపెనీకి గుడి ఉద్యోగుల మీద నమ్మకం లేదు. వాళ్ళకు కంపెనీ మీద అంతకన్నా లేదు. అయినా 1819లో సవాల్-ఇ-జవాబ్ పేరుతో గుడి వ్యవహారాల మీద ప్రశ్నలు వేసి జవాబులు రాయించారు. 1821లో చిత్తూరులో వున్న బ్రూస్ అనే అధికారి 42 నిబంధనలతో కోడ్ తయారుచేశాడు. అంటే నమ్మకం పిసరంత లేనిచోట జ్ఞానం కాగితం మీదికి వచ్చింది. అధికారం వుండి అడిగితే వచ్చింది. కంపెనీ అడిగింది తన ఆదాయం కోసమే, మనకోసం కాదు. ఆ కాగితం మాలపల్లెకో మాదిగపల్లెకో చేరలేదు. కానీ నమ్మకం ముందు, జ్ఞానం తర్వాత అన్న సూత్రం ఇక్కడే వీగిపోతోంది గదా?

తర్వాత 1843నుంచి హథీరాంజీ మఠం మహంతులు, 1933నుంచి దేవస్థానం కమిటీ వచ్చినా మిరాశీ కదల్లేదు. చల్లా కొండయ్య కమిషన్ సిఫార్సుల తర్వాత వచ్చిన 1987 దేవాదాయ చట్టం దాన్ని రద్దు చేసింది. మిరాశీదార్లు సుప్రీంకోర్టుకు పోయారు. 1996లో జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ బి.ఎల్. హన్సారియా ఆ రద్దు చెల్లుతుందని తీర్పిచ్చారు. అర్చకుణ్ణి నియమించడం లౌకికమైన పని, వంశపారంపర్య హక్కు మతంలో విడదీయరాని భాగం కాదు అన్నది దాని సారం. మిరాశీదారు ఉద్యోగి అయ్యాడు. కానీ పుట్టుక పూర్తిగా పోలేదు. వైఖానస ఆగమం ప్రకారం గర్భాలయంలో పూజకు ఆ వంశంలో పుట్టినవాళ్ళే అర్హులన్న వాదం నిలిచేవుంది. 2007లో చట్టాన్ని సవరించి అర్చక కుటుంబాల్లో అర్హత వున్నవాళ్ళకు మళ్ళీ దారి ఇచ్చారు.

అదే 2007లో దేవస్థానం దళిత గోవిందం అని దేవుణ్ణి దళితవాడలకు తెచ్చింది. తర్వాతి కాలంలో ఎస్సీ, ఎస్టీ యువకులకు అర్చక శిక్షణ ఇప్పించింది. మంత్రం నేర్పారు, విధానం నేర్పారు. ఇది చిన్న విషయమని నేను అనను. వినకూడదన్న చెవికి వినిపించారు. కానీ నేర్చుకున్నవాడు పూజ చేయాల్సింది ఎక్కడ? తన వాడలో కట్టిన గుడిలో. జ్ఞానం పంచారు గానీ పీట పంచలేదు. పని జరిగే అసలు చోట పక్కన నిలబడనివ్వకుండా ఇచ్చే శిక్షణకు సర్టిఫికెట్టు విలువ వుంటుంది, పనితనం విలువ వుండదు.

లడ్డు సంగతి కూడా చూడండి. ఏ సరుకు ఎంత వేయాలో చెప్పే లెక్కను దిట్టం అంటారు. 2009లో తిరుపతి లడ్డుకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. ఇంకెవరూ ఆ పేరుతో అమ్మకుండా చట్టం కాపలా పెట్టారు. తప్పని అనడం లేదు. నేను చెప్పేది ఏమిటంటే, సంస్థకు తన జ్ఞానం ముఖ్యమనుకున్నప్పుడు నమ్మకం మీద వదిలిపెట్టదు. చట్టం పెట్టుకుంటుంది. దళిత ఉద్యోగికి జ్ఞానం దక్కాల్సి వచ్చినప్పుడు మాత్రం 'ముందు నమ్మకం సంపాదించుకో' అని నీతి చెబుతారు.

బోర్సద్ తలాటీ

ఈ నీతిని నమ్మి పోయినవాడికి ఏమవుతుందో అంబేద్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో వొక సంఘటన రాశారు. 1938 మార్చి 6న బొంబాయి దాదర్‌లో జరిగిన వొక సభలో భంగీ కులం యువకుడు చెప్పుకున్న గోడు అది. 1936లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా బోర్సద్‌లో అతనికి తలాటీ ఉద్యోగం, అంటే మన కరణం ఉద్యోగంలాంటిది, వచ్చింది. ఆఫీసులో నీళ్ళ కుండ ముట్టనివ్వలేదు. పని నేర్చుకొమ్మని సైజ్‌పూర్ అనే ఊరి తలాటీ దగ్గరికి పంపారు. నేర్పాల్సినవాడు అతన్ని పట్టించుకోలేదు. ఊరిపెద్ద వచ్చి, ఊరు ఊడ్చేవాళ్ళ కొడుకువి మాతో సమానంగా ఆఫీసులో కూర్చుంటావా అని గద్దించాడు. బెదిరింపులు భరించలేక చివరికి ఉద్యోగం వదిలేశాడు.

దీన్ని మనం అంటరానితనం కథగానే చదువుతూ వచ్చాం. జ్ఞానం పంచుకోవడం కథగా కూడా చదవాలి. ఆ కుర్రవాడి దగ్గర చదువుంది, నియామకం ఆర్డరుంది. లేనిదల్లా పని నేర్పే మనిషి. కుండ దగ్గర మొదలైన అంటు లెక్కల పుస్తకం దాకా పాకింది. ఇప్పుడు కుండ లేదు, వాటర్ ఫిల్టరుంది. లెక్కల పుస్తకం సంగతే ఇంకా తేలలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితి మీద థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన రిపోర్టు కూడా ఇదే చెప్పింది. కొందరికి అధ్యాపకుల దగ్గర దొరికే శ్రద్ధ వీళ్ళకు దొరకడం లేదని.

మన దగ్గరున్న జ్ఞానం

ఇంతవరకు పైనుంచి మనకు రానిదాని గురించి మాట్లాడాను. మన దగ్గరున్నది పైకి ఎప్పుడు పోతుంది, ఎప్పుడు పోకూడదు అన్నది రెండో ప్రశ్న. కుప్పం దాటితే కోలారు బంగారు గనులు. అక్కడ పాకీపని చేసే తెలుగు దళిత కుటుంబంలో పుట్టినవాడు బెజవాడ విల్సన్. తమవాళ్ళు చేసే పని ఏమిటో ఇంట్లో పిల్లలకు కూడా చెప్పుకోని స్థితి. సిగ్గుతో దాచారు, ఉన్న ఆ వొక్క జీవనాధారం పోతుందేమోనన్న భయంతో దాచారు. 1993లో పాకీపనిని నిషేధించే చట్టం వచ్చింది. విల్సన్ మరుగుదొడ్ల ఫోటోలు తీసి గనుల యాజమాన్యానికి, ప్రభుత్వానికి రాశారు. ఆ తర్వాతే అక్కడి దొడ్లను మార్చి, ఆ కార్మికులను వేరే పనుల్లోకి పంపారు. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు పోయింది. దేశమంతా తిరిగి వాడవాడా సాక్ష్యాలు పోగేసింది. 2014 మార్చి 27న తీర్పు తెచ్చుకుంది.

ఇక్కడ కూడా జ్ఞానాన్ని కదిలించింది నమ్మకమే, ఒప్పుకుంటాను. కానీ అది యాజమాన్యం మీద నమ్మకం కాదు. తమలోని మనిషి మీద నమ్మకం, దాని వెనక నిలబడిన చట్టం మీద నమ్మకం. కాబట్టి దళిత కార్మికుడు నోరు విప్పకపోతే దాన్ని 'సహకరించని మనస్తత్వం' అని రాసే పరిశోధకులు కాస్త ఆగాలి. మున్సిపాలిటీ కార్మికుడికి ఏ కాలువ ఎక్కడ పూడుతుందో, ఏ గుంటలో గ్యాసుందో తెలుసు. చెప్పినందుకు అతనికి దక్కేదేమిటి? చాలాసార్లు ఆ గుంటలోకి దిగే పనే దక్కుతుంది! దాచడం అక్కడ ఆత్మరక్షణ.

ఏం చేయాలి

వొక అభ్యంతరం వస్తుంది. జ్ఞానమంతా జీవోల్లో, రిజిస్టర్లలో వుండదు గదా, చేతిలో వుండే పనితనాన్ని రూలు పెట్టి ఎట్లా పంచుతారు అని. మాటల్లో పెట్టలేని జ్ఞానం గురించి పొలానీ 1966లోనే రాశాడు. నిజమే. దానికి జవాబు శ్రీకాళహస్తిలో వుంది. కలంకారీ కొద్ది చేతుల్లోకి కుంచించుకుపోయిన కాలంలో, 1950ల చివర, కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టారు. పనివాడికి నేర్పడమే ఉద్యోగమైంది. నేర్పితే తన కూడు పోతుందన్న భయం తగ్గింది, పక్కన కూర్చుని చేసి చూపే పనితనం ఇంటి గడప దాటింది. మనుషులు మంచివాళ్ళయితే నేర్పుతారని ఎదురుచూడలేదు. నేర్పడాన్ని పనిగా పెట్టారు.

ఆఫీసుల్లో కూడా ఇదే అడగాలి. కొత్త ఉద్యోగిని ప్రొబేషన్లో అన్ని సీట్లూ తిప్పాలి, తపాలులో పాతిపెట్టకూడదు. ఎవరు నేర్పాలో పేరు రాసి ఆర్డరు వేయాలి, నేర్పకపోతే అతన్ని అడగాలి. టెస్టుల నోటిఫికేషన్, సీనియారిటీ జాబితా, రోస్టర్ రిజిస్టరు గోడమీద వుండాలి. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ కింద ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన నియమాలను, మాన్యువళ్ళను ఎవరూ అడగకముందే ప్రకటించాలి. మన సంఘాలు దీన్ని ఎన్ని చోట్ల అడిగాయి?

సంఘాల మాట వచ్చింది కాబట్టి మన ఇంటి సంగతి కూడా చెప్పుకుందాం. పైమెట్టు ఎక్కిన మనవాళ్ళు ఏ జీవో ఎప్పుడొచ్చిందో ఎవరికి చెబుతున్నారు? తిరుపతిలో క్వార్టర్సులో వుండే గెజిటెడ్ ఉద్యోగి దగ్గర వున్న సమాచారం మారుమూల పల్లెలోని స్వీపరుకు చేరుతోందా? మాలల మధ్య తిరిగేది మాలల్లో, మాదిగల మధ్య తిరిగేది మాదిగల్లో ఆగిపోవడం లేదా? 1994లో దండోరా లేచింది వాటా కోసం. ఆ వాటా వెనక ఈ సమాచారం లెక్క కూడా వుంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణకు అనుమతిచ్చింది. దానిమీద ఎవరి అభిప్రాయం ఏదైనా, 'మనోడేనా?' అన్న ప్రశ్న మన నోట్లో కూడా నానుతోందని ఒప్పుకోకుండా అగ్రకులాల క్యారియర్‌ను విమర్శించే హక్కు మనకు రాదు.

పరిశోధక విద్యార్థులకు వొక పని. మీ ప్రశ్నావళిలో కులం గడి పెట్టండి. 'మిమ్మల్ని నమ్ముతారా?' అని అడిగి ఊరుకోకండి. మీకు పని ఎవరు నేర్పారు, ఎవరితో కూర్చుని అన్నం తింటారు, టెస్టు సంగతి మీకు ఎవరు చెప్పారు, ఎన్నాళ్ళకు చెప్పారు అని అడగండి. సంఘాలవాళ్ళకు వొక పని. కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడి దగ్గరికీ, ప్రతి ఆడపిల్ల దగ్గరికీ మొదటి నెలలోనే వొక మనిషి పోవాలి, ఏ ఉపకులమని అడక్కుండా పోవాలి.

మా చిన్నాయన రిటైరైన రోజు శాలువా కప్పి, నమ్మకానికి మారుపేరని పొగిడారు. వారం తిరక్కముందే వొక పాత ఫైలు దొరక్క మనిషిని ఇంటికి పంపారు. ఆయన వచ్చి వెతికిచ్చి పోయాడు. ఏ మూట ఎక్కడుందో రాసిపెట్టమని ఎవరూ ఆయన్ని అడగలేదు. పోయేటప్పుడు నా సీటు దగ్గర ఆగి అడిగింది వొకటే: 'కొత్తగా మనపిల్ల యెవరో చేరిందంట గదా నాయనా, పరీచ్చ సంగతి చెప్పినావా?'